తీర్పు తరువాత ఎనిమిదిన్నరేళ్ళు: మైక్రోసాఫ్ట్ మీద పర్యవేక్షణ, ప్రత్యర్థి ఆపరేటింగ్ సిస్టమ్‌ల గతి

1994 జూలై 15న అమెరికా న్యాయ శాఖ మైక్రోసాఫ్ట్ మీద దాఖలు చేసిన ఫిర్యాదు ప్రధానంగా ఒక లైసెన్స్ షరతు చుట్టూ తిరుగుతుంది. కంప్యూటర్లు తయారుచేసే సంస్థ ఫలానా ప్రాసెసర్‌తో ఎన్ని యంత్రాలు అమ్మితే అన్నింటికీ, వాటిలో మైక్రోసాఫ్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ ఎక్కించినా ఎక్కించకపోయినా, మైక్రోసాఫ్ట్‌కు రాయల్టీ చెల్లించాలన్నది ఆ షరతు. ఆ రోజుల్లో ఎంఎస్-డాస్‌కు గట్టి పోటీ ఇచ్చినది డిజిటల్ రీసెర్చ్ అనే సంస్థ తయారుచేసిన డీఆర్-డాస్. తయారీదారు తన యంత్రాల్లో కొన్నింటిని డీఆర్-డాస్‌తో అమ్మాలనుకుంటే దానికి డబ్బు కట్టాలి, ఆ యంత్రంలో లేని ఎంఎస్-డాస్‌కూ కట్టాలి. ప్రత్యర్థి తన సరుకును ఎంత చౌకగా ఇచ్చినా, చివరికి ఉచితంగా ఇచ్చినా, తయారీదారుకు ఒక్క డాలరు కూడా ఆదా కాదు. ఆధిపత్య సంస్థ తన ధర తగ్గించి పోటీదారును ఓడించడం వేరు, పోటీదారు అమ్మకం మీద తానే పన్ను వసూలు చేయడం వేరు. ఈ షరతు రెండో కోవకు చెందినది.

ఆధిపత్య దుర్వినియోగం కేసులు వాదించే న్యాయవాదిగా నేను ఈ వ్యవహారాన్ని తరచూ తిరగేస్తుంటాను. దీని గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది బ్రౌజర్ యుద్ధం దగ్గర, లేదా సంస్థను రెండు ముక్కలు చేయమన్న తీర్పు దగ్గర ఆగిపోతారు. నా దృష్టిలో అసలు విషయం ఆ తరువాత మొదలవుతుంది. ఉల్లంఘన రుజువైంది, దాన్ని సరిదిద్దే ఉత్తర్వు వచ్చింది, ఆ ఉత్తర్వును ఎవరు, ఏ అధికారంతో, ఎంత వేగంగా అమలు చేయించగలిగారన్నదే ప్రత్యర్థులకు ఏం మిగులుతుందో నిర్ణయించింది. ఈ కేస్ స్టడీ ఆ కోణం నుంచి రాసినది.

మొదటి రాజీ డిక్రీ

మార్కెట్లో పోటీని కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990లో మైక్రోసాఫ్ట్ మీద విచారణ ప్రారంభించింది. 1993లో చర్య తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న మీద కమిషనర్లు ఇద్దరిద్దరుగా చీలిపోగా, అదే ఏడాది ఆగస్టులో న్యాయ శాఖ ఆ ఫైలును తన చేతిలోకి తీసుకుంది. మరుసటి ఏడాది ఫిర్యాదుతో పాటే రాజీ డిక్రీ, అంటే ఇరుపక్షాలూ ఒప్పుకుని కోర్టు ఆమోదానికి పెట్టే ఉత్తర్వు, ముసాయిదా కూడా కోర్టు ముందుకు వచ్చింది. ఆ రాజీ ప్రజాప్రయోజనానికి సరిపోదంటూ జడ్జి స్టాన్లీ స్పోర్కిన్ 1995 ఫిబ్రవరిలో తిరస్కరించారు. జూన్‌లో అప్పీలు కోర్టు ఆయన ఉత్తర్వును కొట్టివేసి కేసును మరో జడ్జికి పంపమన్నది. ఆగస్టు 21న జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ డిక్రీని ఆమోదించారు. మూడు రోజుల తరువాత, ఆగస్టు 24న, విండోస్ 95 విడుదలైంది. ప్రాసెసర్ లెక్కన రాయల్టీ వసూలు చేయకూడదని డిక్రీ నిషేధించిన మాట నిజమే గాని, అది ఆమోదం పొందేనాటికి డాస్ మీద పోటీ అన్న ప్రశ్నకే కాలం చెల్లిపోయింది.

డీఆర్-డాస్ చరిత్ర చూస్తే ఈ ఆలస్యం ఖరీదు తెలుస్తుంది. 1991లో దాన్ని నోవెల్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ కొన్నది. 1996లో నోవెల్ దగ్గర నుంచి కాల్డెరా అనే మరో సంస్థ కొని, వెంటనే యూటా ఫెడరల్ కోర్టులో మైక్రోసాఫ్ట్ మీద సొంతంగా దావా వేసింది. 2000 జనవరిలో ఆ దావా రాజీతో ముగిసింది. చెల్లించిన మొత్తం 28 కోట్ల డాలర్లని చాలా ఏళ్ళ తరువాత గాని బయటకు రాలేదు. డబ్బు కాల్డెరాకు అందింది, డీఆర్-డాస్ మాత్రం విండోస్‌కు ప్రత్యామ్నాయంగా మళ్ళీ నిలబడలేదు.

ఆ డిక్రీలోనే మరొక నిబంధన ఉంది. విండోస్ లైసెన్స్ ఇవ్వడానికి వేరే ఉత్పత్తిని కూడా తీసుకోవాలన్న షరతు పెట్టరాదని చెబుతూనే, సమగ్ర ఉత్పత్తులను అభివృద్ధి చేసుకునే హక్కుకు ఇది అడ్డు కాదని అదే వాక్యంలో మినహాయింపు ఇచ్చారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌లో కలిపినప్పుడు వివాదమంతా ఆ మినహాయింపు మీదకు వచ్చింది. 1997 అక్టోబరులో న్యాయ శాఖ ధిక్కార పిటిషన్ వేసింది, డిసెంబరు 11న జడ్జి జాక్సన్ మధ్యంతర నిషేధాజ్ఞ ఇచ్చారు, 1998 జూన్ 23న అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. ఒక డిక్రీని రాసేటప్పుడు చర్చల బల్ల మీద ఇచ్చిపుచ్చుకున్న ఒక చిన్న పదబంధం దాని అమలును ఎంత దూరం లాగగలదో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

ప్రత్యర్థులకు జరిగినది

అప్పటికే న్యాయ శాఖ, 20 రాష్ట్రాలు, డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా కలిసి 1998 మే 18న అమెరికా గుత్తాధిపత్య నిరోధక చట్టమైన షెర్మన్ చట్టం కింద కొత్త దావా వేశాయి. 1999 నవంబరు 5న జడ్జి జాక్సన్ 412 పేరాల్లో నిర్ధారించిన వాస్తవాలు ఆపరేటింగ్ సిస్టమ్ మార్కెట్‌ను అర్థం చేసుకోవాలనుకునే వారికి ఇప్పటికీ మంచి చదువు. ఇంటెల్ తరహా ప్రాసెసర్లతో నడిచే వ్యక్తిగత కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌లనే ఆయన సంబంధిత మార్కెట్‌గా తీసుకున్నారు. అందులో మైక్రోసాఫ్ట్ వాటా పదేళ్ళుగా 90 శాతం పైన, చివరి రెండేళ్ళలో కనీసం 95 శాతం ఉందని తేల్చారు.

వాటా పెద్దదైనంత మాత్రాన చట్టం ముందు తప్పు కాదు. ఆ వాటాను ఇతరులు ఎందుకు కదిలించలేకపోయారన్నది ప్రశ్న, దానికి ఆయన ఇచ్చిన జవాబు అప్లికేషన్ల అడ్డుగోడ. విండోస్ మీద నడిచే అప్లికేషన్లు 70,000 పైచిలుకు ఉన్నాయి కాబట్టి వినియోగదారులు విండోస్ కొంటారు. వినియోగదారులు అక్కడ ఉన్నారు కాబట్టి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ముందుగా విండోస్‌కే రాస్తారు. ఐబీఎం కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి 1994 చివర్లో తెచ్చిన ఓఎస్/2 వార్ప్ ఎంత ఎత్తుకు వెళ్ళినా 10 శాతం వాటా, సుమారు 2,500 అప్లికేషన్ల దగ్గరే ఆగిపోయింది. నెట్‌స్కేప్ బ్రౌజర్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా నడిచే ప్రోగ్రాములు రాయడానికి సన్ సంస్థ తెచ్చిన జావా మైక్రోసాఫ్ట్‌ను అంతగా కలవరపెట్టడానికి కారణం ఇదే. ప్రోగ్రాములు బ్రౌజర్ మీదనో జావా మీదనో నడవడం మొదలైతే కింద ఉన్నది ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అన్నది ముఖ్యం కాకుండా పోతుంది, అడ్డుగోడ దానంతట అదే కూలుతుంది. బ్రౌజర్ కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యం సారాంశంలో ఆపరేటింగ్ సిస్టమ్ ప్రత్యర్థుల భవిష్యత్తు గురించినదే.

ఐబీఎంకు జరిగినది నిర్ధారణల్లో వివరంగా ఉంది. ఐబీఎం ఒక చేత్తో ఓఎస్/2 తయారుచేస్తూ, మరో చేత్తో వ్యక్తిగత కంప్యూటర్లు అమ్మే సంస్థ. ఆ కంప్యూటర్లకు విండోస్ లేకపోతే వ్యాపారం లేదు. ఓఎస్/2ను తగ్గించుకోవాలన్న మైక్రోసాఫ్ట్ కోరికకు అది ఒప్పుకోలేదు. పైగా 1995లో మైక్రోసాఫ్ట్‌తో పోటీపడే లోటస్ సంస్థను కొన్నది. ఆ జూలైలో మైక్రోసాఫ్ట్ విండోస్ 95 లైసెన్స్ చర్చలను నిలిపివేసి, పాత రాయల్టీల ఆడిట్ తేలేదాకా ముందుకు సాగేది లేదన్నది. చివరికి లైసెన్స్ చేతికి వచ్చింది ఆగస్టు 24న, విడుదల వేడుక మొదలవడానికి 15 నిమిషాల ముందు. అదే రోజు ఆడిట్ వివాదాన్ని 3.1 కోట్ల డాలర్లతో పరిష్కరించుకున్నారు. బడులు, కాలేజీలు తెరిచే ఆ సీజను అమ్మకాలు ఈలోగా పోటీ తయారీదారులకు వెళ్ళిపోయాయి. కంపాక్ వంటి సంస్థలకన్నా ఐబీఎం విండోస్‌కు ఎక్కువ ధర చెల్లించిందన్న సాక్ష్యం కూడా విచారణలో నిలిచింది. లిఖితపూర్వకమైన నిషేధం ఎక్కడా లేకుండానే ఒక ప్రత్యర్థిని శిక్షించడం ఎలా సాధ్యమో ఈ ఘట్టం చూపిస్తుంది: చర్చ ఆలస్యం చేయడం, ఆడిట్ తెరవడం, ధర పట్టిక వేరుగా ఉంచడం చాలు.

బీ అనే చిన్న సంస్థ ఫిర్యాదు మరో రకమైనది. జీన్-లూయీ గాసే స్థాపించిన ఈ సంస్థ తయారుచేసిన బీఓఎస్‌ను విండోస్ పక్కనే ఎక్కించి అమ్మడానికి హిటాచీ ముందుకు వచ్చిందని, అయితే కంప్యూటర్ ఆన్ చేయగానే రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే తెరను విండోస్ లైసెన్స్ షరతుల వల్ల చూపలేకపోయిందని దాని ఆరోపణ. డిస్కులో ఉన్నా కొన్నవాడి కంటికి కనబడని ఆపరేటింగ్ సిస్టమ్ లేనిదానితో సమానం. 2001లో బీ తన ఆస్తులను పామ్ సంస్థకు 1.1 కోట్ల డాలర్లకు అమ్మేసింది. 2002 ఫిబ్రవరిలో వేసిన దావాకు 2003 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకోకుండానే 2.325 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అమ్ముకుంటే వచ్చినదానికి రెట్టింపు, దాన్ని అడ్డుకున్నారన్న దావాలో వచ్చింది.

బాధ్యత నిలిచింది, విభజన ఆగింది

2000 జూన్ 7న జడ్జి జాక్సన్ సంస్థను రెండుగా, ఆపరేటింగ్ సిస్టమ్‌ల కంపెనీగా, అప్లికేషన్ల కంపెనీగా, విభజించమన్నారు. 2001 జూన్ 28న ఏడుగురు జడ్జీల అప్పీలు ధర్మాసనం ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు గుత్తాధిపత్యాన్ని అక్రమంగా కాపాడుకున్నారన్న ప్రధాన నిర్ధారణను చాలావరకు నిలబెట్టింది, బ్రౌజర్ మార్కెట్‌ను ఆక్రమించే ప్రయత్నం చేశారన్న నిర్ధారణను కొట్టివేసింది, విభజన ఉత్తర్వును రద్దు చేసింది. కేసు నడుస్తుండగా పత్రికలవాళ్ళతో రహస్యంగా మాట్లాడినందుకు జడ్జి జాక్సన్‌ను కేసు నుంచి తప్పించింది. బ్రౌజర్ కోడ్‌ను విండోస్ ఫైళ్ళతో కలిపివేయడం కూడా పోటీని దెబ్బతీసే చర్యేనని ఆ ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. ఈ అంశం తరువాత మళ్ళీ వస్తుంది. కంప్యూటర్ పరిశ్రమలో ఆరేళ్ళంటే యుగమంత కాలమని, అంత ఆలస్యంగా ఇచ్చే పరిహారం చిక్కులతో కూడుకున్నదని కూడా అదే తీర్పు గుర్తించింది.

కేసు జడ్జి కొలీన్ కొల్లార్-కొటెలీ ముందుకు వెళ్ళింది. 2001 నవంబరు 2న న్యాయ శాఖ మైక్రోసాఫ్ట్‌తో రాజీకి వచ్చింది. మిగిలిన రాష్ట్రాల్లో తొమ్మిది అందులో చేరాయి, కాలిఫోర్నియా, మసాచుసెట్స్ సహా మరో తొమ్మిది, డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా మాత్రం ఇంకా కఠినమైన షరతులు కావాలని పోరాడాయి. 2002 నవంబరు 1న ఆమె రాజీని దాదాపు యథాతథంగా ఆమోదించి, పోరాడిన రాష్ట్రాలకూ ఇంచుమించు అలాంటి ఉత్తర్వే ఇచ్చారు. చివరిదాకా ఒంటరిగా అప్పీలు నడిపిన మసాచుసెట్స్ 2004 జూన్ 30న ఓడిపోయింది.

డిక్రీలో ఏముంది

ఉత్తర్వు ప్రకారం పెద్ద తయారీదారులు 20 మందికి ఒకే రకమైన లైసెన్స్ షరతులు, ప్రకటించిన ధర పట్టిక వర్తించాలి. ప్రత్యర్థి సాఫ్ట్‌వేర్‌ను అమ్మినందుకు ఎవరి మీదా ప్రతీకారం తీర్చుకోరాదు. కంప్యూటర్ ప్రారంభమయ్యేటప్పుడు వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకునే అవకాశం చూపించకుండా తయారీదారును ఆపరాదు. ఐబీఎం ఘట్టాన్ని, బీ ఫిర్యాదును చదివినవారికి ఈ నిబంధనలు ఎక్కడి నుంచి వచ్చాయో వెంటనే తెలుస్తుంది. నిబంధనలుగా ఇవి బాగా రాసినవే. అవి వచ్చేనాటికి ఓఎస్/2 గాని బీఓఎస్ గాని వాటిని వాడుకునే స్థితిలో లేవు, అంతే.

కోడ్ కలిపివేత విషయంలో మాత్రం ఉత్తర్వు వెనక్కి తగ్గిందన్నది నా అభిప్రాయం. అప్పీలు కోర్టు తప్పుపట్టిన చర్యకు పరిహారంగా వినియోగదారుకు, తయారీదారుకు బ్రౌజర్ కనబడకుండా చేసుకునే వీలు ఇస్తే చాలన్నారు. 2002లో విండోస్ ఎక్స్‌పీ మొదటి సర్వీస్ ప్యాక్‌తో వచ్చిన ప్రోగ్రాముల ఎంపిక తెర దాని ఫలితమే. కోడ్ ఉన్నచోటే ఉండిపోయింది.

ప్రత్యర్థి ఆపరేటింగ్ సిస్టమ్‌ల వైపు నుంచి చూస్తే ముందుచూపున్న నిబంధన మూడో సెక్షన్‌లోని ఈ క్లాజు. విండోస్ డెస్క్‌టాప్, మైక్రోసాఫ్ట్ సర్వర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే ప్రోటోకాల్స్‌ను ఇతర సంస్థలకు సహేతుకమైన, వివక్ష లేని షరతులతో లైసెన్స్‌కు ఇవ్వాలని అది చెబుతుంది. ఆఫీసులో వందల డెస్క్‌టాప్‌లు విండోస్‌తో నడుస్తున్నప్పుడు, వాటికి లాగిన్, ఫైళ్ళు, ప్రింటర్లు అందించే సర్వర్ స్థానంలో ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌ను పెట్టాలంటే ఆ సర్వర్ విండోస్ భాషలోనే జవాబివ్వాలి. ఆ భాష తెలిసినది మైక్రోసాఫ్ట్‌కే. సర్వర్ల దగ్గర లైనక్స్ అప్పటికే బతికి ఉన్న పోటీదారు కాబట్టి, ఈ ఒక్క నిబంధన చనిపోయినవాళ్ళ కోసం గాక ఉన్నవాళ్ళ కోసం రాసినది.

సాంకేతిక కమిటీ

అమలును చూడడానికి ముగ్గురు సాఫ్ట్‌వేర్ నిపుణులతో సాంకేతిక కమిటీని ఏర్పాటు చేశారు. ఒకరిని ప్రభుత్వ పక్షం, ఒకరిని మైక్రోసాఫ్ట్, మూడోవారిని ఆ ఇద్దరూ కలిసి ఎంపిక చేయాలి. ఖర్చంతా మైక్రోసాఫ్ట్ భరించాలి. వారికి సోర్స్ కోడ్ చూసే అధికారం, ఉద్యోగులను ప్రశ్నించే అధికారం, రెడ్‌మండ్‌లోని సంస్థ ప్రధాన ప్రాంగణంలోనే కార్యాలయం అడిగే అధికారం ఉన్నాయి. ఆరు నెలలకు ఒకసారి ప్రభుత్వ పక్షానికి నివేదిక ఇవ్వాలి. కోర్టు కూడా ఎప్పటికప్పుడు ఇరుపక్షాల సంయుక్త నివేదికలు తెప్పించుకుని విచారణ జరిపింది. ఒక గుత్త సంస్థ కోడ్‌ను న్యాయవాదులు గాక ఇంజనీర్లే లోపలికి వెళ్ళి చూడాలన్న ఈ ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

అయితే దాని పక్కనే మరొక వాక్యం ఉంది: కమిటీ తయారుచేసిన పత్రాలు, నిర్ధారణలు, సిఫారసులు ఏవీ డిక్రీ అమలు కోసం కోర్టులో నడిచే చర్యల్లో సమర్పించరాదు; సభ్యులు సాక్ష్యం చెప్పరాదు. లోపాన్ని కళ్ళారా చూసినవారి మాట కోర్టుకు చేరకుండా తలుపు వేశారన్నమాట. న్యాయ శాఖ ధిక్కార చర్యకు వెళ్ళాలనుకుంటే అదే విషయాన్ని వేరే సాక్ష్యంతో మొదటి నుంచి నిరూపించాలి. సంస్థ తలుపులు తెరిచి సహకరించాలంటే అలాంటి హామీ కావాలన్న వాదన నాకు తెలుసు, దానిలో కొంత నిజమూ ఉంది. కానీ ఆలస్యమైన ప్రతి రోజుకూ పెరిగే జరిమానా గడియారం కూడా లేని ఉత్తర్వులో ఈ హామీని చేర్చిన తరువాత కమిటీ చేతిలో మిగిలేది ఒప్పించే శక్తి ఒక్కటే.

దాని ఫలితం ప్రోటోకాల్ పత్రాల్లో కనబడింది. లైసెన్స్ కార్యక్రమం 2002లోనే మొదలైంది. లైసెన్స్ తీసుకున్నవారు ఆ పత్రాలు చదివి పనిచేసే సర్వర్ రాయగలరా అన్నది అసలు పరీక్ష. కమిటీ ఇంజనీర్లు ఆ పత్రాలను మాత్రమే ముందు పెట్టుకుని నమూనా ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాక లోపాలు బయటపడ్డాయి: చెప్పని సందర్భాలు, సరిపోలని వివరణలు, నిర్వచనం లేని పదాలు. వాటిని ఒక్కొక్కటిగా నమోదు చేసి సంస్థకు పంపుతూ వచ్చారు. సవరణలకు పెట్టిన గడువులు దాటిపోయాయి. 2006లో ఆ పత్రాల్లో చాలా భాగాన్ని కొత్తగా రాయడం ప్రారంభించాల్సి వచ్చింది. 2007 నవంబరులో ముగియవలసిన డిక్రీలో ఈ భాగాన్ని మైక్రోసాఫ్ట్ అంగీకారంతోనే రెండేళ్ళు పొడిగించారు. 2008 జనవరిలో రాష్ట్రాల అభ్యర్థన మీద మిగతా భాగాన్నీ పొడిగించారు. 2009 ఏప్రిల్‌లో మరో 18 నెలలు కలిపారు. చివరికి 2011 మే 12న డిక్రీ కాలం ముగిసింది. ఐదేళ్ళ ఉత్తర్వు ఎనిమిదిన్నరేళ్ళు నడిచిందంటే పర్యవేక్షణ గట్టిగా సాగిందని కొందరు అంటారు. అదనంగా పట్టిన ఆ కాలమంతా మొదటి రోజు నుంచే అందవలసిన పత్రాల కోసమేనన్నది నేను గుర్తుచేయదలచుకున్న విషయం.

ఈ కమిటీ వల్ల మేలు జరగలేదనడం అన్యాయం. నమూనా రాసి చూసే ఆ పద్ధతి లేకపోతే పత్రాలు సంపూర్ణంగా ఉన్నాయన్న సంస్థ మాటను నమ్మడం తప్ప దారి ఉండేది కాదు. 2005లో పోర్టబుల్ మ్యూజిక్ ప్లేయర్ల తయారీదారుల ముందు పెట్టిన ఒక ప్రత్యేక ఒప్పంద ప్రతిపాదన డిక్రీ నీడలోనే వెనక్కి వెళ్ళింది. 2007లో విండోస్ విస్టాలోని డెస్క్‌టాప్ సెర్చ్ మీద గూగుల్ చేసిన ఫిర్యాదు దావాగా మారకుండానే మార్పులకు దారితీసింది. కానీ ఈ రెండు సందర్భాల్లోనూ ప్రయోజనం పొందినవి అప్లికేషన్ల రంగంలోని సంస్థలు.

బ్రస్సెల్స్ దారి

సర్వర్ ప్రోటోకాల్స్ మీద సన్ సంస్థ 1998 డిసెంబరులో, యూరోపియన్ యూనియన్ పోటీ చట్టాన్ని బ్రస్సెల్స్ నుంచి అమలు చేసే యూరోపియన్ కమిషన్‌కు ఇచ్చిన ఫిర్యాదు 2004 మార్చి 24 నిర్ణయానికి దారితీసింది. 49.7 కోట్ల యూరోల జరిమానాతో పాటు ప్రోటోకాల్ సమాచారం ఇవ్వాలని, మీడియా ప్లేయర్ లేని విండోస్‌ను కూడా అమ్మాలని ఆదేశించారు. రెండో ఆదేశం మీద సమయం వృథా చేయనక్కరలేదు; ఆ రకం విండోస్‌ను అడిగినవాళ్ళు లేరు.

మొదటిదాని విషయంలో కమిషన్ చేతిలో అమెరికా డిక్రీలో లేని సాధనం ఉంది, రోజువారీ జరిమానా. ఇచ్చిన పత్రాలు పనికిరావని స్వతంత్ర ట్రస్టీ, కంప్యూటర్ శాస్త్రవేత్త నీల్ బారెట్, పరీక్షించి చెప్పిన తరువాత, 2006 జూలైలో 187 రోజులకు రోజుకు 15 లక్షల యూరోల చొప్పున 28.05 కోట్ల యూరోలు విధించారు. ఆ తరువాతి కాలానికి, ఈసారి అధిక రాయల్టీల మీద, 2008 ఫిబ్రవరిలో 89.9 కోట్ల యూరోలు విధించారు. 2012లో యూరోపియన్ కోర్టు దాన్ని 86 కోట్లకు తగ్గించింది. 2007 సెప్టెంబరు 17న కోర్టు కమిషన్ నిర్ణయాన్ని ప్రధానంగా సమర్థించినా, సొంత విచారణాధికారాలున్న ట్రస్టీని నియమించి ఖర్చు మైక్రోసాఫ్ట్ మీద వేయడం కమిషన్ అధికారంలో లేదని ఆ భాగాన్ని కొట్టివేసింది. పరీక్షించే వ్యక్తికి చట్టంలో పునాది ముందే వేసి ఉండాలన్నది ఈ భాగం చెప్పే విషయం, రెగ్యులేటర్ల తరఫున ఉత్తర్వులు రాసేవాళ్ళు దీన్ని తరచూ మరిచిపోతారు.

ఆ తీర్పు వచ్చిన నెల తరువాత ప్రోటోకాల్ సమాచారం ఒక్కసారి 10,000 యూరోలు కడితే చాలన్న షరతుకు మైక్రోసాఫ్ట్ వచ్చింది. అంతకుముందు ఉన్న షరతులు, కాపీకింత అనే రాయల్టీ, గోప్యతా ఒప్పందం, సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంచే సాంబా వంటి ప్రాజెక్టుకు అసలు పనికిరావు. విండోస్ యంత్రాలకు లైనక్స్ సర్వర్ నుంచి ఫైళ్ళు అందించే సాంబాను ఆండ్రూ ట్రిడ్జెల్, జెరెమీ ఆలిసన్ తదితరులు అన్నేళ్ళూ నెట్‌వర్క్ మీద వెళ్ళే సంకేతాలను గమనించి, ఊహించి, పరీక్షించి రాస్తూ వచ్చారు. 2007 డిసెంబరులో ఆ పత్రాలు వారి చేతికి వచ్చాయి. 2008 ఫిబ్రవరి 21న మైక్రోసాఫ్ట్ 30,000 పేజీలకు పైగా ప్రోటోకాల్ పత్రాలను అందరికీ అందుబాటులో పెడుతున్నట్టు ప్రకటించింది. రాజీ పేరుతో అమెరికాలో ఐదేళ్ళకు పైగా సాగినదానికి జరిమానా గడియారం జత కలిశాకే కదలిక వచ్చిందని నేను నమ్ముతాను. ఆ పత్రాల నాణ్యతకు అమెరికా కమిటీ ఇంజనీర్ల శ్రమ కూడా కారణమన్నది అంతే నిజం.

జరిమానా ఒక్కటే చాలదని బ్రౌజర్ ఎంపిక తెర వ్యవహారం చెబుతుంది. బ్రౌజర్ తయారుచేసే ఒపేరా సంస్థ ఫిర్యాదు మీద 2009 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హామీ ప్రకారం యూరప్‌లో ఆ తెర చూపించాలి. విండోస్ 7 మొదటి సర్వీస్ ప్యాక్‌లో అది మాయమై, 2011 మే నుంచి 2012 జూలై వరకు కోటీ 50 లక్షల మందికి పైగా వినియోగదారులకు కనబడలేదు. 2013 మార్చిలో 56.1 కోట్ల యూరోల జరిమానా పడింది. ఆ 14 నెలలూ రోజూ ఒక కొత్త యంత్రాన్ని ఆన్ చేసి చూసే బాధ్యత ఎవరికైనా ఉండి ఉంటే ఇది మొదటి వారంలోనే బయటపడేది.

ప్రత్యర్థులకు ఏం మిగిలింది

డెస్క్‌టాప్ మీద, డిక్రీ ముగిసేనాటికి కూడా విండోస్ ఆధిక్యం చెక్కుచెదరలేదు. 2007 మేలో డెల్ ఉబుంటు లైనక్స్ ఎక్కించిన కంప్యూటర్లు అమ్మడం మొదలుపెట్టింది, అదే ఏడాది ఏసుస్ చిన్న ల్యాప్‌టాప్ లైనక్స్‌తో వచ్చింది. ప్రతీకార భయం లేకుండా పెద్ద తయారీదారు ఇలా చేయగలగడం డిక్రీ ఇచ్చిన స్వేచ్ఛలో భాగమే. 2008లో మైక్రోసాఫ్ట్ ఆ చిన్న యంత్రాల కోసం పాత ఎక్స్‌పీ అమ్మకాన్ని పొడిగించింది, అది పోటీ మార్కెట్‌లో ఏ సంస్థయినా ఇచ్చే జవాబే, అందులో తప్పు లేదు. కొన్నవాళ్ళకు కావలసిన ప్రోగ్రాములు విండోస్ మీదే ఉన్నాయి. అప్లికేషన్ల అడ్డుగోడను కట్టిన చర్యలను డిక్రీ నిషేధించింది, అప్పటికే కట్టి ఉన్న గోడ జోలికి పోలేదు.

ఐబీఎం 2005 జూలైలో 77.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. కాల్డెరా, బీ, ఐబీఎం ముగ్గురికీ నష్టపరిహారం ముట్టింది, ముగ్గురి డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌లూ పోటీ నుంచి తప్పుకున్న తరువాత. పర్యవేక్షణ వల్ల స్పష్టమైన లాభం పొందిన ఆపరేటింగ్ సిస్టమ్ సర్వర్లలోని లైనక్స్. కారణం కూడా స్పష్టమే: ఉత్తర్వు వచ్చేనాటికి అది బతికి ఉంది, దానికి కావలసినది ఏమిటో నిబంధనలో పేర్కొన్నారు, ఇచ్చారో లేదో రాసి చూసి పరీక్షించారు.

మన చట్టం దగ్గరకు వస్తే

తెలుగు పాఠకుల్లో చాలామంది మైక్రోసాఫ్ట్‌ను ఉద్యోగాలిచ్చే సంస్థగా ఎరుగుదురు. ఈ దావా పడిన 1998లోనే హైదరాబాద్‌లో దాని అభివృద్ధి కేంద్రం మొదలైంది. ఈ కేసు మాత్రం మనకు అక్కరకు వచ్చేది వేరే సంస్థల విషయంలో. మన దేశంలో పోటీ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్ మీద 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆండ్రాయిడ్‌ను మార్చి సొంత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసుకునే ప్రత్యర్థులను తయారీదారులకు దూరం చేసే ఒప్పందాలు ఆ ఉత్తర్వులో ముఖ్యాంశం. ప్లే సర్వీసెస్ ఇంటర్‌ఫేస్‌లను పోటీదారులకు నిరాకరించరాదన్న ఆదేశం కూడా అందులో ఉంది. అలాంటి ప్రత్యర్థి ఫోన్ మీద అప్లికేషన్లు సరిగా నడవాలంటే అవసరమైనవి ఆ ఇంటర్‌ఫేస్‌లే, సాంబాకు ప్రోటోకాల్ పత్రాలు ఎలాగో ఇవీ అలాగే. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థిస్తూ నాలుగు ఆదేశాలను తోసిపుచ్చింది, వాటిలో ఇదొకటి. జరిమానా మొత్తం పత్రికల్లో పతాక శీర్షిక అయింది. ఈ ఒక్క ఆదేశం పోవడం గురించి రాసినవాళ్ళు తక్కువ.

2023 సవరణతో మన కాంపిటీషన్ చట్టంలోకి వచ్చిన 48ఏ, 48బీ సెక్షన్లు సెటిల్‌మెంట్‌కు, హామీలకు దారి తెరిచాయి. 2025 ఏప్రిల్‌లో ఆండ్రాయిడ్ టీవీ వ్యవహారం 20.24 కోట్ల రూపాయల సెటిల్‌మెంట్‌తో ముగిసింది. అమలును చూడడానికి పర్యవేక్షక ఏజెన్సీని నియమించే వీలు నిబంధనల్లో ఉండడం బ్రస్సెల్స్‌లో ఎదురైన అధికార సమస్యను కొంతవరకు ముందే తీరుస్తుంది. ప్రతిపాదన మీద ఇతర పక్షాలు అభ్యంతరాలు చెప్పుకునే దశలో ఫిర్యాదుదారుల తరఫున నేను కోరేది ఇది: ఇవ్వవలసిన ఇంటర్‌ఫేస్‌లను పేరుపేరునా జాబితాగా చేర్చాలి, బయటి ఇంజనీరు వాటితో పనిచేసే నమూనా రాయగలిగినప్పుడే పాటించినట్టు లెక్కించాలి, ఆ పరీక్ష నివేదికను కమిషన్ ముందు సాక్ష్యంగా వాడుకునే వీలుండాలి. 2025 సెప్టెంబరులో అమెరికాలో గూగుల్ సెర్చ్ కేసులో జడ్జి అమిత్ మెహతా కూడా సాంకేతిక కమిటీనే ఎంచుకున్నారు కనుక, ఈ నమూనా మళ్ళీ మళ్ళీ మన ముందుకు వస్తుంది.

ఉత్తర్వును పాటించకపోతే 42వ సెక్షన్ కింద రోజుకు లక్ష రూపాయల దాకా, మొత్తం మీద 10 కోట్లకు మించకుండా చెల్లించవలసి వస్తుంది. ఆ లెక్కన గరిష్ఠ పరిమితిని చేరడానికి 1,000 రోజులు పడుతుంది. బ్రస్సెల్స్ ఒక్కరోజుకు విధించినది 15 లక్షల యూరోలు.